పని పోయినవాళ్లకున్న ఆసరాలు: ఏది ఎంతవరకు పనికొస్తుంది

ఫ్యాక్టరీ గేటు దాటి బయటికొచ్చిన కార్మికుడికి కాగితం మీద ఆసరాలు చాలానే ఉన్నాయి. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) భృతి ఉంది, కొత్త నైపుణ్యం నేర్చుకోవడానికి ఇచ్చే రీస్కిల్లింగ్ నిధి ఉంది, ఉల్లాస్ అక్షరాస్యత తరగతులున్నాయి, జన శిక్షణ్ సంస్థాన్‌లో చేతిపని నేర్పుతారు, నేషనల్ కెరీర్ సర్వీస్‌లో ఉద్యోగాల జాబితా దొరుకుతుంది. విడివిడిగా చూస్తే ఏదీ తీసిపారేసేది కాదు. చిక్కల్లా ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి లేకపోవడమే. భృతి దరఖాస్తులో చదవడం వచ్చా రాదా అనే గడి ఉండదు. అక్షరాలు నేర్పేచోట పని ఎప్పుడు పోయిందని అడగరు. ఆ రెండు ప్రశ్నలూ యూనియన్ వాళ్లో, వాలంటీరో, చదువుకున్న పిల్లలో అడగాలి. ఈ సమీక్ష వాళ్ల కోసమే.

భృతి సంగతికి ముందు, పని పోయిన రోజు సంతకం పెట్టించుకున్న కాగితం ఏమిటో చూడాలి. ‘లెక్క సెటిల్ చేస్తున్నాం’ అని చెప్పి ఇంగ్లీషులో టైపు చేసిన స్వచ్ఛంద రాజీనామా మీద వేలిముద్ర వేయించుకుంటే కథ అక్కడే మారిపోతుంది. కంపెనీ తొలగిస్తే, ఏడాది పాటు ఆగకుండా పనిచేసిన కార్మికుడికి పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా రావాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం రీస్కిల్లింగ్ నిధి నుంచి ఇంకో 15 రోజుల వేతనం, తొలగించిన 45 రోజుల్లోపు అతని ఖాతాలో పడాలి. రాజీనామా చేసినవాడికి ఈ రెండూ ఉండవు. చదవడం రాకపోతే పోయేది ఉద్యోగావకాశాలే అనుకుంటాం గానీ, మొదట పోయేది ఈ డబ్బు.

ఇక ఈఎస్ఐ. దాని భృతి పథకం అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన 2018 జులైలో మొదలైంది. మొదట సగటు రోజు సంపాదనలో 25 శాతమే ఇచ్చేవారు. కోవిడ్ ఏడాదిలో 50 శాతం చేశారు. జీవితంలో ఒక్కసారే, గరిష్ఠంగా 90 రోజులకు. పని పోయిన 30 రోజుల తర్వాత అడగొచ్చు, పాత యజమాని ద్వారా వెళ్లనక్కర్లేదు, నేరుగా బ్రాంచి ఆఫీసులో ఇవ్వొచ్చు. ఈ పథకంలో బాగా మెచ్చుకోవాల్సింది ఈ చివరి సౌకర్యాన్నే. ఇది కాలపరిమితి పెట్టి పొడిగిస్తూ వస్తున్న పథకం కాబట్టి దరఖాస్తుకు ముందు గడువు ఎప్పటిదాకా ఉందో కనుక్కోవాలి.

అర్హత లెక్క కాస్త మెలిక. కనీసం రెండేళ్లుగా బీమాలో ఉండాలి. చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. పని పోవడానికి ముందరి కాలంలో కనీసం 78 రోజులు, దానికి ముందున్న మూడు కాలాల్లో ఏదో ఒకదాంట్లో ఇంకో 78 రోజులు చందా పడి ఉండాలి. సగటు తీసేటప్పుడు నాలుగు కాలాల సంపాదనను కలిపి 730తో భాగిస్తారు. నెలకు 15,000 చొప్పున రెండేళ్లూ నాగా లేకుండా వస్తే రోజుకు సుమారు 493, అందులో సగం సుమారు 246, తొంభై రోజులకు సుమారు 22,200. మధ్యలో ఆరు నెలలు పని లేకపోతే రోజు లెక్క సుమారు 370కి పడిపోతుంది, చేతికొచ్చేది 17,000 కూడా దాటదు. ‘సగం జీతం ఇస్తారట’ అని ముందే చెప్పేసి తర్వాత మాట పడకండి.

కంపెనీ మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్ చేసినా (సిబ్బంది కోతలో తొలగించినా) ముందు అడగాల్సింది రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన గురించి. అది 2005 నాటిది, దీనికంటే చాలా పెద్దది: మొదటి పన్నెండు నెలలు 50 శాతం, తర్వాతి పన్నెండు నెలలు 25 శాతం, పైగా వృత్తి శిక్షణ ఫీజు, రానుపోను ఖర్చు. భృతినీ శిక్షణనూ ఒకే తాటికి కట్టిన పథకం ఇదొక్కటే కనిపిస్తుంది. తెలిసి అడిగేవాళ్లు తక్కువ.

రెండింటికీ అడ్డుపడేవి మాత్రం ఒకటే రకం తప్పులు. నెలవారీ చందా వివరాల్లో యజమాని, కార్మికుడి పని ఎందుకు ఆగిందో చెప్పే కారణం కోడ్ వేస్తాడు. రిట్రెంచ్‌మెంట్‌కు వేయాల్సిన 10 బదులు ‘వెళ్లిపోయాడు’ అనే 2 వేస్తే బ్రాంచిలో ఫైలు ఆగుతుంది. రెండోది మన పేర్ల గొడవ. ఈఎస్ఐలో ‘కె. వెంకటేశ్వర్లు’, ఆధార్‌లో ‘కొండా వెంకటేశ్వర రావు’, బ్యాంకులో ఇంటిపేరు వెనక్కి. లక్ష్మి అనే పేరులో ఒకచోట ఎక్స్, ఇంకోచోట కేఎస్‌హెచ్. మనిషి ఒక్కడే, కంప్యూటరుకు ముగ్గురు. ఈ దిద్దుబాటు పని పోయాక కాదు, ఉండగానే చేయించుకోవాలి. మూడోది చిన్నది, ఖరీదైనది: బ్యాంకు బ్రాంచిని గుర్తుపట్టే ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో పదకొండు గుర్తులుంటాయి, అయిదోది ఎప్పుడూ సున్నా. అక్కడ ఇంగ్లీషు ఓ అక్షరం రాసేస్తే డబ్బు దారి తప్పుతుంది.

చదువు దగ్గరికొస్తే, ‘మీకు చదవడం వచ్చా’ అని మొహం మీద అడిగితే ఎవరూ నిజం చెప్పరు. కళ్లజోడు మర్చిపోయానంటారు. ఈఎస్ఐ కార్డు చేతికిచ్చి ‘అన్నా, ఇందులో పది అంకెల నంబరు ఎక్కడుందో చూపించండి’ అంటే విషయం తెలిసిపోతుంది. నలభై దాటినవాళ్ల దగ్గర కళ్లజోడు మాట నిజమే కావచ్చు కూడా. అలాంటివాళ్లను తరగతికి పంపేముందు కంటి పరీక్షకు పంపాలి.

ఉల్లాస్ 2022-27కు కేంద్రం పెట్టిన కార్యక్రమం, 15 ఏళ్లు దాటినవాళ్లకు. నడిపేది వాలంటీర్లు. చివర్లో పరీక్ష 150 మార్కులకు: చదవడం, రాయడం, లెక్కలు, తలా 50. సర్టిఫికెట్ ఇస్తారు. మొదటి మెట్టుగా మంచిదే, కానీ దాన్ని పట్టుకుని ‘టెన్త్ పాస్’ అడిగే ఉద్యోగానికి పంపితే మాట దక్కదు. ఆ దారి వేరు: ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక పాఠశాల సంస్థ) ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో ఏ, బీ, సీ స్థాయిలు వరసగా 3, 5, 8 తరగతులకు సమానం. తర్వాత ఓపెన్ స్కూల్ టెన్త్. ఎన్ఐఓఎస్‌లో అయితే అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయనక్కర్లేదు. ఈ సడలింపు పనిచేసుకునేవాళ్లకు కొలిచి కుట్టినట్టుంటుంది.

వయోజన తరగతి ఎప్పుడు నిలబడుతుందో మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో తొంభైల మొదట్లో సారాకు వ్యతిరేకంగా ఆడవాళ్ల కదలిక మొదలైంది అక్షరాస్యత తరగతుల్లోనే. పాఠంలో వాళ్ల ఇంటి గొడవే ఉంది. పని పోయినవాళ్లకు మొదటి పాఠం భృతి ఫారమే కావాలి. మొదటి వారం సొంత పేరు తెలుగులో, ఇంగ్లీషు పెద్దక్షరాల్లో. తర్వాత ఖాతా నంబరు, తేదీ, అంకెల్లో ఉన్న మొత్తాన్ని అక్షరాల్లో రాయడం. ‘రాజీనామా’, ‘తొలగింపు’ అనే రెండు మాటల్ని కాగితం మీద చూసి పోల్చుకోవడం. ‘అల, వల, తల’ తర్వాత చూసుకోవచ్చు.

జన శిక్షణ్ సంస్థాన్‌ది చిత్రమైన చరిత్ర. 1967లో ముంబయి వర్లీలో శ్రామిక్ విద్యాపీఠ్‌గా పుట్టింది, మిల్లు కార్మికులున్న ఊళ్లో వాళ్లలాంటి వాళ్ల కోసమే. చదువు రానివాళ్లను, ఎనిమిదిలోపు ఆపేసినవాళ్లను, పన్నెండులోపు మానేసినవాళ్లను చేర్చుకుంటుంది, వయసు 15 నుంచి 45. చదువు లేదని గుమ్మంలోంచి తిప్పి పంపని శిక్షణ సంస్థ కాబట్టి మా జాబితాలో దీనికే పెద్దపీట. లోటల్లా కోర్సులు ఎక్కువగా కుట్టుపని, బ్యూటీషియన్ వైపు ఉండటం. ఇరవై ఏళ్లు లేత్ మీద పనిచేసినవాడికి అక్కడ దొరికేది కొద్దే. అలాంటివాళ్లకు కోర్సు కంటే, ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ నయం.

నేషనల్ కెరీర్ సర్వీస్ 2015 నుంచి ఉంది, నమోదు ఉచితం, 1514కు ఫోన్ చేయొచ్చు. చదువు గడి ఖాళీగా వదిలితే చేసిన పని కూడా మరుగున పడిపోతుంది కాబట్టి, అనుభవం గడిలో ఏ మెషీన్, ఎన్నేళ్లు అని విడిగా రాయించండి. డ్రైవింగ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఓ మాట: రవాణా వాహనం లైసెన్సుకు ఎనిమిదో తరగతి ఉండాలన్న నిబంధన 2019లోనే తీసేశారు. ఇంకా ఉందనుకుని దళారికి డబ్బు కట్టకండి.

వరస అడిగితే మేం చెప్పేది ఇది: మొదటి వారంలో సంతకం చేసిన కాగితం, కారణం కోడ్, పేర్లు. ముప్పై రోజులు నిండగానే భృతి దరఖాస్తు. ఆ మధ్యలో ఖాళీగా గడిచే మూడు వారాలే అక్షరాలకు అనువైన కాలం, ఎందుకంటే కొత్త పని దొరికాక రాత్రి తరగతికి వచ్చేవాళ్లు తగ్గిపోతారు.