స్క్రీన్ బాగుంది, బండి ఆగి ఉన్నంతసేపు: రెండేళ్ల వాడకం తర్వాత

ఈ ఎలక్ట్రిక్ కారు కొని రెండేళ్లు దాటింది. ఓడోమీటర్ 31,000 దాటింది, అందులో సగానికి పైగా హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద తిరిగినవే. బ్యాటరీతో, మోటారుతో నాకు ఏ పేచీ లేదు. పేచీ అంతా డాష్‌బోర్డు మధ్యలో నిలబెట్టిన పన్నెండంగుళాల స్క్రీన్‌తోనే. కంపెనీ పేరు చెప్పను. ఈ జబ్బు ఒక్క కంపెనీది కాదు.

షోరూంలో చూసి మురిసిపోయినవాణ్ణి నేనే. ఒక్క నాబ్ లేదు, డాష్‌బోర్డు అంతా నున్నగా ఉంది. సేల్స్ కుర్రాడు వేలితో పేజీలు అటూ ఇటూ జరుపుతుంటే అబ్బో అనుకున్నాను. ఏసీ గదిలో, కదలని కారులో కూర్చుంటే ఏ స్క్రీనైనా బాగానే ఉంటుందని అప్పుడు తోచలేదు.

మొదటి దెబ్బ జూలైలో తగిలింది. చిట్యాల దాటాక జోరువాన, ముందు అద్దానికి లోపల ఆవిరి పట్టేసింది. నా పాత పెట్రోలు కారైతే చెయ్యి దానంతటదే నాబ్ మీదికి పోయేది, కళ్లు రోడ్డు మీదే ఉండేవి. ఇందులో ముందు ఫ్యాన్ బొమ్మ నొక్కాలి, ఏసీ పేజీ తెరుచుకునేదాకా ఆగాలి, అందులో అద్దం బొమ్మ వెతుక్కోవాలి. రోడ్డు కుదుపుకి వేలు జారి పక్క బొమ్మ మీద పడింది. అద్దం సంగతి అలాగే ఉండగా సీటు చల్లబడటం మొదలైంది! గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. మూడు సెకన్లు కళ్లు దించితే 66 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. ముందు లారీ ఉంది కూడా.

ఇది నా చేతకానితనమేమో అనుకున్నాను చాలాకాలం. స్వీడన్‌లో 'వీ బీలేగరే' అనే కార్ల పత్రిక 2022లో పెట్టిన పరీక్ష గురించి చదివాక మనసు కుదుటపడింది. ఎయిర్‌ఫీల్డ్ మీద 110 కిలోమీటర్ల వేగంతో నడుపుతూ ఏసీ, రేడియో లాంటి నాలుగు పనులు చేయించారు. స్క్రీన్ జోలే లేని 2005 నాటి వోల్వో వీ70లో అవి 10 సెకన్లలో అయిపోయాయి, ఆలోగా కారు 306 మీటర్లు పోయింది. అన్నిటికన్నా వెనకబడిన కొత్త కారులో దాదాపు 45 సెకన్లు పట్టింది. అంటే 1,372 మీటర్లు. డ్రైవర్లకు ముందే అలవాటు చేసుకునే సమయం ఇచ్చి మరీ పెట్టిన పరీక్ష ఇది.

ఇక గాలి సంగతి. నా కారులో ఏసీ గాలి ఎటు రావాలో కూడా స్క్రీన్ మీదే తిప్పాలి. ఓసారి నాన్నను నందిగామ తీసుకెళ్తున్నాను. "ఒరేయ్, గాలి మొహానికి కొడుతోందిరా, కాస్త అటు తిప్పు" అన్నారు. టోల్ గేటు దగ్గర పడుతున్నాం, ఆగండి నాన్నా అన్నాను. ఆయనే గాలి వచ్చే సందు తడిమి, "దీనికి చెవి లేదేంట్రా?" అన్నారు. కోదాడ దాకా ఓర్చుకుని, చివరికి తుండుగుడ్డ తీసి ఆ సందులో కుక్కేశారు. నాకూ అంతకంటే తేలికైన ఉపాయం తోచలేదు.

కొన్నాళ్లకు ఎలాగో చేతికి అలవాటు పడింది. ఏ బొమ్మ ఏ మూల ఉందో చూడకుండానే సుమారుగా తగిలేది. అప్పుడొచ్చింది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. పొద్దున లేచేసరికి ఫ్యాన్ బొమ్మ ఎడమ నుంచి మధ్యకి జరిగింది. మనం ఊళ్లో లేనప్పుడు ఎవరో వంటిల్లు సర్ది, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టారో చెప్పకుండా పోయినట్టు. పోయిన మే నెలలో సూర్యాపేట దగ్గర మిట్టమధ్యాహ్నం స్క్రీన్ పూర్తిగా నల్లబడింది. ఏసీ నడుస్తోంది కానీ పెంచలేను, తగ్గించలేను. పక్కన ఆపి, స్టీరింగ్ మీది బటన్ నొక్కిపట్టి రీస్టార్ట్ చేస్తే ప్రాణం పోసుకుంది. సర్వీసు సెంటర్ వాళ్లు "వేడికి సార్" అన్నారు. మే నెలలో తెలంగాణలో వేడి ఉంటుందని కారు చేసినవాళ్లకు ఎవరైనా చెప్పాలి.

అలాగని అన్నీ తిట్లే కాదు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో రెండు స్తంభాల మధ్య బండి పెట్టేటప్పుడు నాలుగు వైపులా చూపించే కెమెరా దేవుడిచ్చిన వరం. పెద్ద మ్యాపు, దారిలో చార్జర్లు, అక్కడికి చేరేసరికి ఎంత చార్జ్ మిగులుతుందో చెప్పే లెక్క నాకు బాగా నచ్చాయి. చార్జింగ్ పెట్టి నలభై నిమిషాలు కూర్చునేటప్పుడైతే పిల్లలకు అదే టీవీ.

కంపెనీల లెక్క అర్థమవుతూనే ఉంది. ఒక్కో బటన్‌కి అచ్చు, వైరు, బిగింపు కావాలి. ఒక స్క్రీన్ పెడితే అన్నీ అందులోకే పోతాయి. కానీ గాలి మళ్లుతోంది. ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, వైపర్లు, హారన్, అత్యవసర కాల్‌కి విడి మీటలు లేని కార్లకు, యూరప్‌లో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి మార్కులు తగ్గిస్తోంది. వాల్యూమ్, ఫ్యాన్ లాంటివాటికి మళ్లీ బటన్లు పెడతామని వోక్స్‌వాగన్ డిజైన్ అధిపతి ఆండ్రియాస్ మిండ్ట్ 2025లో చెప్పారు.

ఈలోగా నేను చేసుకున్న ఏర్పాట్లు చిన్నవే. స్టీరింగ్ మీద ఖాళీగా ఉన్న బటన్‌కి అద్దం ఆవిరి పోగొట్టే పని అప్పజెప్పాను. ఈ సౌకర్యం ఉందని కొన్న ఏడాదికి గానీ తెలియలేదు. మెరవని స్క్రీన్ గార్డు అంటించాను, మధ్యాహ్నం ఎండలో వేలిముద్రలు తప్ప ఏమీ కనిపించని బాధ తగ్గింది. మీరు కొత్త కారు చూడబోతుంటే టెస్ట్ డ్రైవ్‌కి వాన పడే సాయంత్రం వెళ్లండి. సేల్స్ కుర్రాణ్ణి మాట్లాడొద్దని చెప్పి, బండి నడుపుతూ అద్దం ఆవిరి మీరే పోగొట్టి చూడండి.

నాన్న తుండుగుడ్డ ఇంకా గ్లవ్‌బాక్సులోనే ఉంది. అవసరం పడుతూనే ఉంటుంది.