కాన్సర్ తర్వాతి అవసరాలు: రెండు ప్రశ్నావళులు

కాన్సర్ వచ్చినవారి తీరని అవసరాలు, అంటే సాయం కావాల్సి ఉండీ అందనివి, కొలవడానికి ఎక్కువగా వాడే ప్రశ్నావళులు ఎస్‌సీఎన్‌ఎస్-ఎస్‌ఎఫ్34 (సపోర్టివ్ కేర్ నీడ్స్ సర్వే, పొట్టి రూపం), కాసన్ (కాన్సర్ సర్వైవర్స్ అన్‌మెట్ నీడ్స్) రెండూ ఆస్ట్రేలియాలో పుట్టినవే. మొదటిదానిలో 34 ప్రశ్నలు, ఐదు విభాగాలు: మనసు, వైద్యవ్యవస్థ-సమాచారం, శరీరం-రోజువారీ జీవితం, సంరక్షణ, లైంగికత. చికిత్స నడుస్తున్నవారికి ఇది బాగా సరిపోతుంది. కాసన్ చికిత్స దాటి బతుకుతున్నవారి కోసం చేసింది. అందులో 35 అవసరాల ప్రశ్నలతోపాటు, జీవితంలో వచ్చిన మంచి మార్పుల గురించి 6 ఉంటాయి. జబ్బు తిరగబెడుతుందేమో అన్న టెన్షన్‌కు అందులో చోటుంది. చికిత్స ముగిసినవారిని అడగాలంటే నా ఓటు కాసన్‌కే.

అసలు చిక్కు ఈ ఇంగ్లిషు ప్రశ్నల అనువాదంలో వస్తుంది. ‘ఫీలింగ్ డౌన్’ను మాటకు మాట దించితే నవ్వొస్తుంది, ‘దిగులుగా ఉండటం’ అంటే అందరికీ తెలుస్తుంది. తెలుగు చేసి, మరొకరితో తిరిగి ఇంగ్లిషులోకి మార్పించి పోల్చడం మామూలు పద్ధతి. అయితే మాట కుదిరినంత మాత్రాన ప్రశ్న కుదిరినట్టు కాదు. కొందరు రోగుల చేత చదివించి, ఏం అర్థమైందో చెప్పించుకోవాలి. లైంగికత ప్రశ్నల దగ్గరైతే మరీను: పక్కన కొడుకు కూర్చుని చదివిపెడుతుంటే ఏ తల్లి నిజం చెబుతుంది? ఆమె జవాబివ్వకుండా వదిలేసిన ఖాళీ గడిని ‘అవసరం లేదు’ అని లెక్కేయకూడదు.