చెన్నై నందంబాక్కం వార్ సిమెట్రీకి (యుద్ధంలో పోయిన సైనికుల శ్మశానం) అమ్మని తీసుకెళ్ళాను

రేటింగ్: ఐదుకి ఐదు. ఇలాంటి చోటికి స్టార్లేమిటి అనిపించింది గానీ, ఇవ్వకపోతే ఎవరూ చదవరని ఇచ్చాను.

ముందు దారి సంగతి. ఆలందూరు మెట్రో దగ్గర ఆటోవాళ్ళని ‘వార్ సిమెట్రీ’ అని అడిగితే ఇద్దరు తెలియదన్నారు. ‘ట్రేడ్ సెంటర్ వైపు, మౌంట్–పూనమల్లి రోడ్డు మీద’ అంటే మూడో అతను ఎక్కించుకున్నాడు. టికెట్ లేదు. లోపల కూడా లారీల హారన్లు వినిపిస్తూనే ఉంటాయి, ప్రశాంతత కోసం వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

మా అమ్మకి ఎనభై నాలుగు. ఆవిడ బాబాయి తాడేపల్లిగూడెం దగ్గర పల్లెలో పుట్టి, మిలటరీలో చేరి, 1944లో బర్మాలో పోయాడు. ఆ చుట్టుపక్కలే మిలటరీ మాధవరం ఉంది. సైన్యానికి మనుషుల్ని పంపామని గర్వంగా చెప్పుకునే ఊరు, స్మారకం కూడా కట్టుకున్నారు. మా ఇంట్లో మాత్రం ఆయన ఫొటో గోడెక్కలేదు. తాతయ్య క్విట్ ఇండియా అంటూ ఖద్దరు కట్టి తిరుగుతుంటే తమ్ముడు వెళ్ళి తెల్లవాడి జీతానికి కుదిరాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ చావుని నలుగురిలో ఏమని చెప్పుకోవాలో ఎవరికీ తోచలేదు. బర్మాలో పోరాడిన బ్రిటిష్‌వాళ్ళ 14వ ఆర్మీకి అప్పట్లోనే ‘మరిచిపోయిన సైన్యం’ అని పేరు. ఇంట్లోవాళ్ళమే మరిచిపోయాక ఊరివాళ్ళని ఏమంటాం?

రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటన్ తరఫున పోయిన సైనికుల సమాధులూ స్మారకాలూ చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటులో పేరు కొట్టి వెతకొచ్చు. ఇంటిపేరుతో దొరకలేదు. మన పేర్లని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా ఖూనీ చేయొచ్చో అన్ని రకాలూ కొట్టాను. రెండు రాత్రుళ్ళ తర్వాత దొరికింది. కింద ఒక్క వాక్యం: ఫలానావారి కుమారుడు, ఫలానా ఊరు, పశ్చిమ గోదావరి. మా ముత్తాత పేరు ఎక్కడో ఇంగ్లండువాళ్ళ రిజిస్టర్లో చూస్తానని అనుకోలేదు. ఆయన పేరు చెక్కింది రంగూన్ మెమోరియల్ మీద. బర్మా పోరులో చనిపోయి, సమాధి జాడ తెలియని దాదాపు 27,000 మంది పేర్లు అక్కడున్నాయి.

ఆ మోకాళ్ళతో అమ్మ రంగూన్ వెళ్ళలేదు. నందంబాక్కంలో ఆయన పేరు లేదని ముందే చెప్పాను. “పోనీలేరా, ఆయన ఈడువాళ్ళు ఉంటారుగా” అని చామంతులు కొనిపించింది.

1952లో ఏర్పాటైన ఈ చోట రెండో ప్రపంచ యుద్ధం నాటి సమాధులు 856 ఉన్నాయి. దక్షిణ, తూర్పు భారతంలో, చూసేవాళ్ళు ఉంటారో లేదో తెలియని శ్మశానాల నుంచి తెచ్చి ఇక్కడ ఒకచోట చేర్చారు. అధికారైనా సిపాయైనా రాయి తీరు ఒకటే. అమ్మకి ఇంగ్లీషు రాదు. వాకర్ ఆపి, ఒక రాతి మీద అంకెని వేలితో తడిమి “ఇదేంట్రా?” అంది.

“వయసమ్మా. పంతొమ్మిది.”

“మన చిన్నాడి వయసేగా.”

వాడు ఇంటర్ అయి కోచింగ్‌లో ఉన్నాడు. పూలలో సగం ఆ రాయి దగ్గరే పెట్టింది.

ఫొటోలు తీసుకుని చాలామంది ముందు నుంచే తిరిగి వెళ్ళిపోతున్నారు. దయచేసి వెనక్కి వెళ్ళండి. అక్కడ 1914–18 యుద్ధం తాలూకు స్మారకం ఉంది. దేశంలో రకరకాల శ్మశానాల్లో ఉండిపోయిన, సమాధుల్ని కలకాలం చూసుకోవడం కుదరని వెయ్యి మందికి పైగా పేర్లు చెక్కారు. కనీసం వీళ్ళకి పేర్లున్నాయి. ఆ యుద్ధంలో పోయినవాళ్ళలో కనీసం 1,16,000 మందిని పేరు పెట్టి గుర్తు చేసుకోనే లేదని, అసలు ఏ గుర్తూ లేనివాళ్ళూ వాళ్ళలో ఉన్నారని కమిషన్ కమిటీయే 2021లో తేల్చింది, క్షమాపణ కూడా చెప్పారు. ఎక్కువమంది ఆఫ్రికా, మధ్యప్రాచ్యం వాళ్ళు. అది చదివి ఉన్నాను కాబట్టి ఈ గోడ ముందు కాస్త ఎక్కువసేపే నిలబడ్డాను. మిగతా పూలు అమ్మ ఇక్కడ పెట్టింది.

పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళకి ఒక మాట: గడ్డిలో వాకర్ చక్రాలు ఇరుక్కుంటాయి, పక్కన మనిషి ఉండాలి. పొద్దున్నే వెళ్ళండి. పదిన్నరకే మాకు ఎండ మాడ్చేసింది. గొడుగూ నీళ్ళూ ఇంటి నుంచే.

వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ నా చేతిలోని ప్రింటౌట్ తీసుకుంది. రంగూన్ రిజిస్టర్ కాగితం, ఆ ‘ఫలానావారి కుమారుడు’ అన్నది. కాసేపు ఒళ్ళో పెట్టుకుని, “దీన్ని లామినేషన్ చేయించు, నాన్న ఫొటో పక్కన మేకు ఖాళీగానే ఉంది” అంది.