శాలువా, కవరు, పూతరేకులు, నోటిమాట: తోటి ఉద్యోగిని మెచ్చుకోవడానికి ఏది మేలు?

భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలోనూ, తాడేపల్లిగూడెం మిల్లుల్లోనూ సూపర్‌వైజర్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. బాగా పనిచేసిన మనిషికి శాలువా కప్పాలా, కవరు ఇవ్వాలా, పూతరేకులు పంచాలా, నోటిమాట సరిపోతుందా?

నా ఓటు నోటిమాటకే. అయితే అందులో వివరం ఉండాలి. గోదావరి జిల్లాల్లో ఇది మరీ అవసరం. “అబ్బో, ఇరగదీశారండీ” అని ఊరుకుంటే, వెటకారమేమోనని అవతలివారు మన మొహంకేసి చూస్తారు. “రాత్రి కోల్డ్ స్టోరు మైనస్ 18 నుంచి పైకి జరుగుతోందని మీరే పట్టుకున్నారండీ, మెకానిక్ వచ్చేదాకా తలుపు తీయనివ్వలేదు, సరుకు నిలబడింది” అంటే ఇక అనుమానానికి చోటుండదు. ఏం చేశారో, దానివల్ల ఏ నష్టం తప్పిందో రెండూ చెప్పాలి. షిఫ్టు దిగేలోపు, కాదంటే మర్నాడు షిఫ్టు మారేటప్పుడు చెప్పేయాలి. ఉగాది దాకా దాస్తే చెప్పేవాళ్లకే వివరం గుర్తుండదు. చివర్న “కానీ రిజిస్టరు సరిగ్గా రాయలేదు” అని తగిలించారో, ఇంటికెళ్లేది ఆ ముక్కే.

దేన్ని మెచ్చుకోవాలో కూడా చూసుకోవాలి. కిలో లెక్కన కూలి ఇచ్చే, రొయ్యల పెంకు ఒలిచే పీలింగ్ బల్ల దగ్గర వేగానికి డబ్బు ఎలాగూ వస్తుంది. తోక ఊడకుండా నరం తీయడం, కొత్తమ్మాయికి పని నేర్పడం, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న సైజు లెక్క) కలిసిపోయిన ట్రేని ప్యాకింగుకు వెళ్లకముందే ఆపడం కాటాకెక్కవు. మిల్లులో మీటరు పెట్టి 17 శాతం తేమ దాటిన ధాన్యాన్ని పక్కకు తీయించినవాళ్లదీ అదే పరిస్థితి. ఇలాంటివి మేనేజరు కంటికంటే పక్కనున్నవాళ్ల కంటికే ముందు పడతాయి కాబట్టి, తోటివాళ్లు చెప్పినప్పుడే మాటకు బరువు. ముగ్గురు కలిసి చేసినదానికి ఒక్కరి పేరే చెబితే మాత్రం మిగతా ఇద్దరూ దూరమవుతారు.

కవరు అవసరం తీరుస్తుంది, కాదనలేం. కాకపోతే నగదు జీతం కిందే లెక్క, పన్నుకూ చూపాలి. వరసగా ఇస్తే అలవాటైపోయి, ఆపిన నెల కోత కోసినట్టుంటుంది. చట్టప్రకారం రావాల్సిన 8.33 శాతం కనీస బోనస్‌నే బహుమతిలా చేతికిచ్చి ఫొటో దిగేవాళ్లున్నారు, అది మరీ అన్యాయం.

శాలువా రిటైర్మెంటుకు సరే. ప్రభుత్వ ఆఫీసుల్లో జనవరి 26న, ఆగస్టు 15న కలెక్టరు ఇచ్చే ప్రశంసాపత్రానికి విలువుంది, కాగితం చేతిలో ఉంటుంది గనుక. ఆ పని ప్రైవేటులోనూ చేయొచ్చు: చెప్పిన మాటనే మూడు వాక్యాల్లో రాసి, తేదీ వేసి, ఒక కాపీ ఆ మనిషికి, ఒకటి ఆఫీసు ఫైలుకు ఇవ్వండి.

ఆత్రేయపురం పూతరేకులకు వంక పెట్టలేం గానీ, ప్రాసెసింగ్ హాల్లోకి తినేవి తేకూడదు. క్యాంటీన్లో పెడితే పగటి షిఫ్టు ఖాళీ చేసేస్తుంది. రాత్రి షిఫ్టు వాటా ముందే తీసి, చెమ్మ తగలకుండా డబ్బాలో మూతపెట్టండి.