ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్: రిపోర్టు బాగుంది, సలహా మాత్రం నమ్మకండి (5కి 3 స్టార్లు)

అమ్మకి నెలకోసారి రక్తంలో సోడియం చూపించాల్సి రావడంతో ఏడాదిగా ఈ సర్వీస్ వాడుతున్నాం. పేరు రాయడం లేదు, నాకు కావాల్సింది వాళ్ళని తిట్టడం కాదు. ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళు ఇలాంటి రిపోర్టు చూసి మేం చేసిన పొరపాటు చేయకూడదు, అంతే.

ముందు మంచి చెప్తాను. చెప్పిన టైముకి వస్తారు, ఒక్క పోటుతో రక్తం తీస్తారు, అదే రోజు రిపోర్టు వస్తుంది. యాప్‌లో పాత రిపోర్టులన్నీ గ్రాఫ్‌లా కనిపిస్తాయి. చివరికి మమ్మల్ని కాపాడింది ఆ గ్రాఫే.

సోడియం లీటరుకి 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. అమ్మకి మొదటిసారి 130, తర్వాత 129, ఆ తర్వాత 128. ప్రతిసారీ పక్కన ఎర్రటి బాణం గుర్తు, కింద యాప్ తనంతట తనే ఇచ్చే సలహా: "కొంచెం తక్కువగా ఉంది, ఆహారంలో ఉప్పు పెంచండి." బీపీ ఉన్న మనిషికి ఆ మాట నమ్మి ఉప్పు పెంచాం! చాలామందికి సోడియం తగ్గేది ఉప్పు తక్కువ తినడం వల్ల కాదు, ఒంట్లో నీరు బయటికి పోకుండా ఎక్కువగా నిలిచిపోవడం వల్ల. ఈ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అమ్మ విషయంలో కారణం బీపీకి వేసుకుంటున్న థయజైడ్ మాత్ర. డిప్రెషన్‌కి, ఫిట్స్‌కి వాడే కొన్ని మందులతోనూ, గుండె, లివర్, థైరాయిడ్ సమస్యల్లోనూ ఇలా జరుగుతుందట.

ఈలోగా ఇంట్లో ఏం జరుగుతోందంటే, అమ్మ గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది, మాట మధ్యలో పదం దొరక్క ఆగిపోయేది, టీవీ చూస్తూ కూడా ఎటో చూస్తున్నట్టుండేది. వయసు అనుకున్నాం. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది అదే.

ఒకసారి 124 వచ్చింది. రిపోర్టు రాత్రి పొద్దుపోయాక మెయిల్‌లో పడింది, ఫోన్ చేసి చెప్పినవాళ్ళు లేరు. తెల్లవారుజామున బాత్రూంకి వెళ్తూ అమ్మ పడింది, మణికట్టు విరిగింది. ఫోన్ వచ్చుంటే పడేది కాదని అనను, కానీ ఆ రాత్రి మాలో ఒకరం ఆవిడ పక్కనే పడుకునేవాళ్ళం.

హాస్పిటల్లో డాక్టర్ గారు ఆ గ్రాఫ్ చూడగానే, "ఇది ఇవాళ్టిది కాదమ్మా, నెలల నుంచి ఉంది" అన్నారు. సోడియం ఒక్కసారిగా పడిపోతే మెదడు ఉబ్బుతుంది, ఫిట్స్ వస్తాయి. మెల్లగా తగ్గితే మెదడు కణాలు తమలోని లవణాల్నీ, గ్లుటమేట్ లాంటి పదార్థాల్నీ బయటికి పంపేసి వాపు రాకుండా చూసుకుంటాయి. అందుకే పైకి ఏమీ లేనట్టే ఉంటుంది, కానీ నడక, ఏకాగ్రత దెబ్బతింటాయి. బెల్జియంలో 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, పెద్దగా లక్షణాలు లేవనుకున్న ఇలాంటి 122 మందిలో 21 శాతం మంది పడిపోయి హాస్పిటల్‌కి వచ్చినవాళ్ళే, సోడియం సరిగ్గా ఉన్నవాళ్ళలో అది 5 శాతమే. ఎముకల సంగతి ఇంకా ఘోరం. ఒంట్లోని సోడియంలో దాదాపు మూడో వంతు ఎముకల్లోనే ఉంటుంది, రక్తంలో అది చాలాకాలం తక్కువగా ఉంటే ఎముకని కరిగించే కణాలు జోరందుకుంటాయి. అంటే తూలి పడేలా చేసేదీ అదే, పడితే విరిగేలా చేసేదీ అదే.

డాక్టర్ గారు ఆ మాత్ర ఆపి వేరేది రాశారు (మీ అంతట మీరు మాత్ర ఆపకండి, దయచేసి). నీళ్ళు ఎంత తాగాలో కొలత పెట్టారు. సోడియం తొందరగా పెరగకూడదని, రోజుకి 8 కంటే ఎక్కువ పెరగకుండా చూశారు, ఎందుకంటే తక్కువకి అలవాటుపడిన మెదడులో ఒక్కసారిగా పెంచితే నరాల పైపొర దెబ్బతిని, కొన్ని రోజుల తర్వాత మాట, కాళ్ళుచేతులు పడిపోయే ప్రమాదం ఉందట.

మళ్ళీ సర్వీస్ దగ్గరికొస్తే, వాళ్ళ "కిడ్నీ ప్యాకేజీ"లో మూత్రంలో సోడియం, ఆస్మోలాలిటీ (మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) పరీక్షలు లేవు. కారణం తేల్చేది ఆ పరీక్షలే, రక్తంతో పాటే మూత్రం శాంపిల్ కూడా ఇవ్వాలి. కాల్ సెంటర్‌లో అడిగితే మామూలు మూత్ర పరీక్ష బుక్ చేసేశారు. రెండోసారి పరీక్షల పేర్లు ఒక్కొక్కటీ చదివి వినిపించి రాయించాల్సి వచ్చింది.

ఇప్పుడు అమ్మకి 136, 137 వస్తోంది. "కాళ్ళ కింద నేల గట్టిపడిందిరా" అంటోంది, గోడ పట్టుకోవడం మానేసింది. వచ్చే నెల శాంపిల్ కూడా వీళ్ళకే ఇస్తున్నాం, ఒకే ల్యాబ్‌లో అయితే అంకెలు పోల్చుకోవడం తేలిక. ఆ ఉప్పు సలహా తీసేసి, సోడియం 125 కంటే తగ్గిన రోజు ఒక మనిషి చేత ఫోన్ చేయిస్తే మిగతా రెండు స్టార్లూ ఇస్తాను.