ఎన్‌హాన్సర్ ప్రాజెక్టుకి ఏది మేలు: కంప్యూటర్‌లో పోలికా, ఈగలో పరీక్షా?

ఎమ్మెస్సీ ప్రాజెక్టుల సమయం వస్తే చాలు, సిరిపురంలో టీ తాగుతున్నా పిల్లలు ఇదే అడుగుతారు: "సార్, ఎన్‌హాన్సర్ల పరిణామం మీద చేద్దామనుకుంటున్నాం, రెండు జాతుల సీక్వెన్సులు పోల్చితే సరిపోదా, ఈగల్ని కూడా పెంచాలా?" ఎన్‌హాన్సర్ అంటే ఒక జన్యువు ఎక్కడ, ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే డీఎన్‌ఏ ముక్క. పోలికకి ల్యాప్‌టాప్ చాలు, నెల తిరిగేసరికి బొమ్మలు చేతికొస్తాయి. ఈగలకి, అంటే పండ్ల మీద ముసిరే డ్రోసోఫిలాకి, ఓపిక కావాలి. అయినా నా ఓటు ఈగలకే.

ఈగ పిండంలో అడ్డగీతలుగా వెలిగే ఈవెన్ స్కిప్‌డ్ అనే జన్యువు రెండో గీత సంగతే చూడండి. బైకాయిడ్, హంచ్‌బ్యాక్ ప్రోటీన్లు దాన్ని వెలిగిస్తే, జెయింట్, క్రుప్పెల్ చెరో పక్కా హద్దు గీస్తాయి. మెలనోగాస్టర్, సూడోఅబ్‌స్క్యూరా అనే రెండు జాతుల ఈగల్లో ఈ గీతని గీయించే ఎన్‌హాన్సర్ చాలాచోట్ల తేడాగా ఉంటుంది, మొదటిదాంట్లో ఉన్న బైకాయిడ్ అతుక్కునే ఒక స్థానం రెండోదాంట్లో అసలు లేనే లేదు. కానీ మెలనోగాస్టర్ పిండంలో పెట్టి చూస్తే రెండూ ఒకేలాంటి గీత ఇస్తాయి. అయితే ఆ తేడాలకి విలువ లేదనుకోవాలా? 2000లో లడ్విగ్, క్రైట్‌మన్ బృందం ఒకదాని ముందు సగాన్ని రెండోదాని వెనక సగానికి అతికించి చూసింది, గీత సరైన హద్దుల్లో రాలేదు. అంటే ఒక సగంలో వచ్చిన లోటుని అదే ఎన్‌హాన్సర్‌లోని రెండో సగం పూడ్చుకుంటూ వచ్చింది, పైకి గీత కదలకుండా లోపలి అమరిక మారిపోయింది. నాకు ఈ రంగంలో ఇంతకన్నా అందమైన ప్రయోగం లేదు. అలైన్‌మెంట్ (సీక్వెన్సుల్ని పక్కపక్కన పేర్చిన పోలిక) ఎంతసేపు చూసినా ఈ సంగతి బయటపడదు, పిండాన్నే అడగాలి.

పోలిక దండగ అనట్లేదు. కాళ్ల ఎదుగుదలకి కావలసిన జెడ్‌ఆర్‌ఎస్ ఎన్‌హాన్సర్‌లో పాములకి 17 డీఎన్‌ఏ అక్షరాలు పోయాయని పోల్చితేనే కదా తెలిసింది. కాకపోతే వాటి బలం రుజువైంది 2016లో, ఎలుకలో కొండచిలువ ఎన్‌హాన్సర్ పెడితే కాళ్లు మొండిగా మిగిలి, ఆ 17 తిరిగి చేరిస్తే మళ్లీ ఎదిగాకే.

వేల ముక్కల్ని ఒకేసారి కణాల్లో పరీక్షించే పద్ధతీ ఉంది. ఖర్చెక్కువ, పైగా గీత ఎక్కడ పడిందో అందులో కనపడదు.

కాబట్టి మొదటి రెండు వారాలు పోలికకిచ్చి ఒకే ఒక్క ఎన్‌హాన్సర్ ఎంచుకోండి, మిగతా కాలమంతా ఈగలది. 25 డిగ్రీల ఇంక్యుబేటర్ మాత్రం డిసెంబరులోనే అడిగి పెట్టుకోండి, మన వైజాగ్ ఎండాకాలంలో సీసాలు బయట వదిలేస్తే 30 దాటాక మగ ఈగలు పిల్లల్ని కనలేవు.