చెక్కిన టాపా, ప్లై టాపా?

హాలోబాడీ (లోపల బోలుగా ఉండే) జాజ్ గిటార్ కొనేటప్పుడు లిమిటెడ్ ఎడిషన్ నంబర్ కంటే ముందు పైపలక (టాప్) చూడండి. గిబ్సన్ కంపెనీవే రెండు మోడళ్లు తీసుకుందాం.

తయారీ: 1951లో వచ్చిన ఎల్-5 సీఈఎస్‌కి మందపాటి స్ప్రూస్ చెక్కను తొలిచి కమానులా మలిచారు. 1949లో వచ్చిన ఈఎస్-175కి పల్చటి చెక్కపొరలను అతికించి అచ్చులో నొక్కారు, ఇదే ప్లై.

ఖర్చు: చెక్కడానికి పని ఎక్కువ, అందుకే ఎల్-5 చాలా ఖరీదు.

నాదం: ఎల్-5 ఆంప్ (యాంప్లిఫయర్) లేకున్నా నిండుగా మోగుతుంది. జాజ్ గిటారిస్ట్ వెస్ మాంట్‌గోమరీ దాన్ని బొటనవేలితో మీటుతుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది. 175ది కాస్త పొడి స్వరం. మరో జాజ్ గిటారిస్ట్ జో పాస్ దానిపై వాయించింది వినండి, ఏ లోటూ తోచదు.

రిస్క్: ఆంప్ సౌండ్ పెంచితే ఎల్-5 త్వరగా కూతపెడుతుంది (ఫీడ్‌బ్యాక్), తేమ మారితే చెక్క పగిలే టెన్షన్ కూడా. ప్లై తట్టుకుంటుంది.

సైజు: బాడీ వెడల్పు ఎల్-5కి 17 అంగుళాలు, 175కి 16 అంగుళాలు.

చిన్న గదికి, రికార్డింగ్‌కి ఎల్-5. డ్రమ్స్ పక్కన వాయిస్తూ ఊళ్లు తిరిగేవాళ్లకు 175.